ఇండికేటరులో కొబ్బరి చిప్ప

సౌదీలోని యాన్బులో మెకానిక్ షెడ్లన్నీ ఒకేచోట ఉండే పేటను సనాయియా అంటారు. అందులో ఒక షెడ్డులో నేను బండ్ల కరెంటు పని చేస్తాను. జగిత్యాల దగ్గరి పల్లెలో పుట్టిన నాకు సముద్రపు ఉప్పుగాలి, రిఫైనరీ వాసన ఇప్పుడు ఇంటి వాసనలే అయిపోయాయి.

పాత బండ్లంటే నాకు ఒళ్ళుమంట. కొత్త బండికి ఏ రోగమో కంప్యూటరు చెప్పేస్తుంది. పాతదానికి నేనే చెవి పెట్టి వినాలి, వాసన చూడాలి, తెగిన తీగ కోసం సీటు కింద వెల్లకిలా పడుకోవాలి. అన్నిటికంటే విసుగు ఇండికేటరు స్విచ్చి. పూర్తిగా చచ్చిపోతే ఏ గొడవా లేదు. ఒకసారి పనిచేసి ఇంకోసారి మొండికేస్తుంది చూడండి, అప్పుడే ప్రాణం విసిగిపోతుంది. మన ముందు బుద్ధిగా ఉండి, రోడ్డెక్కగానే తన బుద్ధి చూపిస్తుంది.

ఆ రోజు ఒక పొడవాటి పాత అమెరికా కారు షెడ్డు ముందు వచ్చి ఆగింది. ఇంజను ఆపేదాకా దాని ఎడమ ఇండికేటరు కొట్టుకుంటూనే ఉంది. తీరా అది తిరిగింది కుడికి! డ్రైవరు సీట్లోంచి కాళ్ళదాకా వచ్చే తెల్లటి అరబ్బు అంగీ, తోబు, వేసుకున్న ముసలాయన దిగాడు. పక్క సీట్లోంచి ఆయన కూతురు, వెనక సీట్లోంచి వాళ్ళింట్లో పనిచేసే మన తెలుగావిడ దిగారు. ముసలాయన నాకు సలాం చెప్పి, బానెట్ మీద అరచేయి పెట్టి నిలబడ్డాడు. ఆ నిలబడటం ఏమిటో నాకప్పుడు అర్థం కాలేదు.

"ఆయప్పకు చెవులు ఇనపడవన్నా," అంది తెలుగావిడ. "ఇంజన్ ఆగిందా లేదా అని చేత్తో సూస్తాడు. చెవి మిషన్ ఉండాది గానీ అది జోబిలోనే ఉంటాది."

"మీది ఏ ఊరక్కా?"

"కడప పక్కన. నీది తెలంగాణా గదా, మాట సూస్తేనే తెలుస్తాండాది."

కూతురికి నలభై దాటి ఉంటాయి. మాటలో తొందర, కళ్ళలో నిద్రలేమి. సంగతి సూటిగా చెప్పింది. ఇండికేటరు లివరు మలుపు తిరిగాక దానంతటది వెనక్కి రావడం లేదు. మనమైతే టిక్కుటిక్కు విని చేత్తో తీసేస్తాం. ఈయనకు ఆ శబ్దం వినపడదు. డ్యాష్‌బోర్డు మీది పచ్చ బాణం ఇక్కడి ఎండలో కనపడదు. దాంతో మైళ్ళకొద్దీ ఎడమ దీపం కొట్టుకుంటూనే పోతుంది.

"మొన్న మదీనా రోడ్డులో నేను ఎనకనే ఉండానన్నా," అని అక్క అందుకుంది. "ఈయప్ప ఎడమకు పోతాడనుకొని లారీవోడు కుడిపక్క నుంచి వచ్చినాడు. ఈయప్ప గూడా కుడికే జరిగినాడు. అద్దం ఎగిరిపాయ. నా పానం గూడా పాయిందనుకుంటి."

కూతురు కారు తాళాలు తన గుప్పిట్లో పెట్టుకుంది. "బాగైతే నడుపుకోనీ. కాకపోతే ఈ తాళాలు ఇక ఇవ్వను," అంది నాతో. తండ్రికి ఆ మాట వినపడలేదు. కానీ గుప్పిటను చూశాడు. అంతా తెలిసినట్టే ఉంది ఆయన ముఖం.

ఆమె ఫోను మాట్లాడటానికి అవతలికి పోయాక అక్క గొంతు తగ్గించింది. ఎవరికి వినపడుతుందని తగ్గించిందో మరి! "ఎట్లన్నా చెయ్యన్నా. ఇంట్లో అందరూ నవ్వుతాంటే ఈయప్ప తెల్లమొగమేసుకొని సూస్తాంటాడు. బండెక్కితేనే మనిషవుతాడు. రోడ్డు మీద అందరూ చెవిటోళ్ళే గదా."

ఆ మాట నాకు గుచ్చుకుంది. విసుగు పక్కన పెట్టి స్టీరింగు విప్పడం మొదలుపెట్టాను.

హారను మూత తీసి, నట్టు విప్పి, పుల్లరు బిగించి చక్రాన్ని పైకి లాగాలి. దాని కింద ఉంటుంది స్విచ్చి. అందులో కుడి మలుపుకొకటి, ఎడమ మలుపుకొకటి చింతగింజంత నాలుకలు రెండుంటాయి. మలుపు అయ్యాక స్టీరింగు నిటారుకు వస్తూ ఆ నాలుకను ఒక తన్ను తన్నుతుంది. లివరు టక్కున నడిమికి వస్తుంది. ఇంతే సంగతి. నాలుకలు తెల్లటి ప్లాస్టిక్‌వి. ఈ దేశపు ఎండకు పెళుసెక్కి విరుగుతాయి. విరిగిన ముక్కల్ని ఏరేద్దామని టార్చి వేసి చూశాను.

నాలుకలు తెల్లగా లేవు. ముదురు గోధుమరంగులో మెరుస్తున్నాయి. గోటితో గీకి, ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. కొబ్బరి చిప్ప! ఎవరో కొబ్బరి చిప్పను కోసి, ఆకురాయితో రాసి, ఫ్యాక్టరీవాడు చేసినంత నున్నగా నాలుకలు చేసి పెట్టారు. ఒక్కో నాలుకనూ దాని ఇత్తడి రేకుకు దారంతో కట్టి, పైన లక్క లాంటిదేదో పూశారు.

చిప్పను చూసి ఆశ్చర్యపోయాను. దారాన్ని చూసి మాత్రం పని ఆపేశాను.

రెండు చుట్లు, ఒక మెలి, ఆ మెలిని చుట్టు కిందికి తోసి గోటితో నొక్కిన గుర్తు. అది ముడి కాదు. ముడి వేసే తీరిక ఆ పనిలో ఉండదు. మా ఇంట్లో అమ్మ, అక్కలు చాటలు ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టేవాళ్ళు. ఆకు కత్తిరించి, పొగాకు పోసి, చుట్టి, చివర దారం ఇలాగే బిగించేవాళ్ళు. మా వైపు బీడీ చుట్టే ఇంట పెరిగిన చెయ్యి తప్ప ఇంకే చెయ్యీ దారాన్ని అలా ఆపదు. నాకంటే ముందు, యాన్బులో, ఇదే స్టీరింగు ముందు మా దిక్కు మనిషి కూర్చున్నాడు. చెప్పడానికి సిగ్గెందుకు, నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ముసలాయన నా ముఖం చూసి దగ్గరికొచ్చాడు. ఒకప్పుడు ఈ కారునే టాక్సీగా మదీనాకు యాత్రికుల్ని తిప్పాడట, అందుకే ఉర్దూ వచ్చు. ఆయన నా పెదాలు చూసేలా తలెత్తి, నెమ్మదిగా అడిగాను, ఇది ఎవరు చేశారని.

ఆయన నవ్వాడు. "ఒక హిందీవాడు," అన్నాడు. ఇండియా మనిషిని ఇక్కడ అలాగే అంటారు. "నీలాగే బక్కగా ఉండేవాడు. అప్పుడు ఈ సనాయియా లేదు, ఖర్జూరపు మట్టల నీడన పని. ఇదిగో ఈ పిల్ల అప్పుడు నా ఒళ్ళో కూర్చుని స్టీరింగు పట్టుకునేది." కూతురివైపు చెయ్యి చూపించాడు. ఆమె ఇంకా ఫోనులోనే ఉంది.

"పేరేంటి బాబా?"

"అడగలేదు," అన్నాడు. "సదీక్ అని పిలిచేవాణ్ణి." సదీక్ అంటే స్నేహితుడు. నన్నూ ఆయన అలాగే పిలుస్తున్నాడు.

ఎడమ నాలుక అరిగి తమలపాకంత పలచనైపోయింది. కుడిది మాత్రం నిన్న చేసినట్టుంది. ఎందుకో ఆలోచిస్తే తెలిసింది. ఇక్కడి రోడ్ల మీద వెనక్కి తిరగాలంటే ఎడమకే తిరగాలి. టాక్సీ ఖాళీ అయిన ప్రతిసారీ, ఇంటికి మళ్ళిన ప్రతిసారీ ఆయన ఎడమకే తిరిగాడు. ఆ తిరుగుళ్ళన్నీ ఆ ముక్క భరించింది. ఒక్క ప్లాస్టిక్ నాలుక కూడా ఇందులో సగం మోయలేదని నేను ఒట్టేసి చెప్పగలను.

ఇదంతా చెప్పినా కూతురు నమ్మలేదు. కారు భాగం కొబ్బరి చిప్పతో చేస్తారా అన్నట్టు చూసింది. ఆమె తప్పు కాదు, చూడకపోతే నేనూ నమ్మేవాణ్ణి కాదు. ఆన్‌లైన్‌లో కొత్త స్విచ్చి తెప్పించింది. పెట్టెలో అది పెళ్ళికొడుకులా మెరిసిపోయింది. బిగించాను. ముసలాయన లివరు పైకీ కిందికీ ఆడించి, తల అడ్డంగా ఊపాడు. తన వేలు చూపించి, "ఇక్కడికి ఏమీ రావట్లేదు," అన్నాడు. టక్కుమనే దెబ్బను ఆయన వేలితోనే వింటాడు. కొత్తదాంట్లో ఆ దెబ్బ మెత్తగా ఉంది. సరే, అలవాటవుతుందిలే అని పంపించాను. నాలుగు రోజులు తిరక్కుండానే ఎండ మండే మధ్యాహ్నం అదే కారు మళ్ళీ వచ్చింది. ఈసారి నడిపింది కూతురు. ఆయన పక్క సీట్లో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు, వెనక అక్క ఉంది. కొత్త నాలుక విరిగి ఉంది.

ఆయన స్టీరింగు ముందు కూర్చున్నప్పటికీ, పక్క సీట్లో కూర్చున్నప్పటికీ అంత తేడా ఉంటుందని నేననుకోలేదు. మనిషి సగం అయిపోయాడు.

"అక్కా, ఇంట్ల కొబ్బరి చిప్ప ఉంటదా?" అనడిగాను.

"ఉండకేమన్నా! ఊరిబిండి నూరేదానికి టెంకాయ లేకుండా ఎట్ల? ఎంత కావాల?"

"ముదురుది ఒక్కటి సాలు. పల్సటిది తేకు."

మర్నాడు వాళ్ళతో వచ్చిన అక్క, ఒకటి అడిగితే సంచీడు తెచ్చింది! ఏరి ఏరి ఒకటి తీసుకున్నాను. హాక్సా బ్లేడుతో కోసి, ఆకురాయితో రాయడం మొదలుపెట్టాను. మొదటిది పగిలింది. రెండోది కొలత తప్పింది. చిప్పకు వంపు ఉంటుంది. ఆ వంపు ఎటు వస్తే దెబ్బ తట్టుకుంటుందో తెలియక, ఆ పాతాయన చేసిన కుడి నాలుకను ఎదురుగా పెట్టుకుని చూశాను. బయటి ఉబ్బెత్తు పక్కను దెబ్బ తగిలేవైపు పెట్టాడు. లోపలి నున్నటి పక్కను రేకుకు ఆనించాడు. నాకు పని చెప్పడానికి ఆయన అక్కడే కూర్చున్నట్టనిపించింది. మూడోది కుదిరింది.

ఇక దారం. పక్కనున్న దర్జీ షాపులో నూలుదారం అడిగి తెచ్చుకున్నాను. బీడీకి దారం కట్టి నాకు ఎన్నో ఏళ్ళయింది, మధ్యలో ఈ వేళ్ళకు తీగలు తప్ప ఏమీ తెలియదు. మరిచిపోయి ఉంటాననే భయంతోనే మొదలుపెట్టాను. వేళ్ళు నన్ను అడగలేదు. రెండు చుట్లు, ఒక మెలి, గోరు. లాగి చూశాను, కదల్లేదు. అమ్మ పక్కన కూర్చుని నేర్చుకున్న చెయ్యి అది. ఆ పాతాయన కూడా ఎక్కడో ఒక చాట పక్కన కూర్చుని నేర్చుకుని ఉంటాడు. ఆయన బతికున్నాడో లేదో, ఊరికి ఎప్పుడు పోయాడో నాకు తెలియదు. ఆయన పని మాత్రం వేడిగా నా చేతిలో ఉంది. గుడిలో నిలబడ్డట్టు నిలబడిపోయాను కాసేపు.

పాత స్విచ్చినే తిరిగి బిగించాను. కుడివైపు నాలుక ఆయనది. ఎడమవైపుది నాది.

ముసలాయన సీట్లో కూర్చుని లివరు కిందికి నొక్కాడు. స్టీరింగు ఎడమకు తిప్పి, వెనక్కి తెచ్చాడు. టక్కుమంది. షెడ్డులో ఉన్న మేమంతా విన్నాం. ఆయన వినలేదు, కానీ ఆయన వేలు ఆగింది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ. కూతురు మొదట కారును చూస్తోంది, తర్వాత కారును వదిలేసి తండ్రి ముఖమే చూస్తూ ఉండిపోయింది.

ఆయన కిటికీలోంచి నా మణికట్టు పట్టుకున్నాడు. "నీ పేరు?" అన్నాడు.

చెప్పాను. వినపడలేదు. ఆయన నా పెదాల మీదే చూపు నిలిపితే, పిల్లాడికి నేర్పినట్టు ఒక్కొక్క అక్షరం విడదీసి చెప్పాను. ఆయన తిరిగి పలికాడు. అంతా తప్పే. "అదే, అదే," అన్నాను నేను.

కూతురు గుప్పిట తెరిచి, తాళాలు తండ్రి చేతిలో పెట్టి, చుట్టూ తిరిగి వెళ్ళి పక్క సీట్లో కూర్చుంది.

సనాయియా గేటు దాటాక యూటర్ను కనపడుతుంది. పని వదిలేసి రోడ్డు మీదికొచ్చి నిలబడ్డాను. అంత పెద్ద కారు నెమ్మదిగా ఎడమ వరుసలోకి జరిగింది. ఎడమ దీపం వెలిగింది. బండి తిరుగుతూ ఉంది, దీపం కొట్టుకుంటూనే ఉంది, నా గుండె కూడా. ముందు చక్రాలు నిటారుకు వచ్చాయి. దీపం ఆగింది.

కారు అవతలి వైపు నుంచి నా ఎదురుగా వెళ్ళింది. అక్క వెనక సీట్లోంచి చెయ్యి ఊపింది. ముసలాయన నావైపు చూడలేదు. ఆయన చూపు రోడ్డు మీద ఉంది, రెండు చేతులూ స్టీరింగు మీద ఉన్నాయి.