మరిగే నీళ్ల మీది ఊరు, మా డ్రైవింగ్ మాస్టారు

మా డ్రైవింగ్ మాస్టారు పోయారని ఆయన భార్య పెట్టిన మెసేజ్‌ను కెనడాలోని సర్రీలో ఒక షాపు పార్కింగ్‌లో కూర్చుని చదివాను. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. అంత్యక్రియలు గురువారం, నది అవతల. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు ముందు ఏడుపు రాలేదు. భయం వేసింది. నది దాటాలంటే ఆ బ్రిడ్జి ఎక్కాలి. ఆయన పక్కన లేకుండా నేను దాని మీద ఒక్కసారి కూడా కారు నడపలేదు.

రెండేళ్ల కిందట, మంచు పడుతున్న రోజున, మా ఆయన నడుపుతుండగా ఆ బ్రిడ్జి మీదే కారు గిర్రున తిరిగి పక్కగోడకు తగిలి ఆగింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. కానీ వెనక సీట్లో ఉన్న మా అమ్మాయి, అప్పటికి ఆరేళ్లది, ఆ రోజు నుంచి కారెక్కితే కళ్లు మూసుకుని బిగుసుకుపోతుంది. దిగేదాకా ఒక్క మాట మాట్లాడదు. తర్వాత మా ఆయన ఉద్యోగం టొరంటోకు మారింది. పిల్లను తిప్పాల్సిన పని నా మీద పడింది. స్టీరింగ్ ముట్టుకుంటే చాలు, నాకు అరచేతులు తడిసిపోయేవి.

మాస్టారిది జగిత్యాల వైపు. కెనడా రాకముందు చెక్ దేశంలో కార్లోవి వారీ అనే ఊళ్లో హోటల్ వ్యాన్ నడిపేవారు. వేడినీటి బుగ్గలకు పేరుపడ్డ ఊరు. కీళ్లనొప్పులతో, కడుపునొప్పులతో వచ్చేవాళ్లను ఎక్కించుకుని, కుదుపు తెలియకుండా దారంతా ఊరి కథ చెప్పేవారట. అదే కథ నాకూ చెప్పారు. వేటకొచ్చిన రాజుగారి కుక్క జింకను తరుముతూ వేడి మడుగులో పడి కుయ్యోమంటే ఆ నీళ్లు లోకానికి తెలిశాయట. నిజమో కాదో ఆయనకూ తెలియదు. కుక్క మీద జాలితో నేను యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసరికి కారు నెమ్మదించేది.

"ఇగ స్తంభాల మంటపం కాడికొచ్చినం బిడ్డా. ఎడమకు ఇండికేటర్ వెయ్యి," అనేవారు. నిజానికి అప్పుడు మా కారు ఉండేది సర్రీలో, స్కైట్రైన్ స్టేషన్ పక్క సందులో. మా టూరు అలా సాగేది. పొడుగాటి మంటపాల కింద జనం పింగాణీ కప్పులు పట్టుకుని నడుస్తారు. ఆ కప్పు పిడే గొట్టంలా ఉంటుంది, దాంతోనే నీళ్లు పీలుస్తారు. రుచి మాత్రం ఉప్పులో తుప్పు కలిపినట్టుంటుందట. కాగితం గులాబీలను ఆ నీళ్లలో ఉంచితే కొన్నాళ్లకు రాయి పూత పడుతుంది. అప్పడమంత పలచటి తీపి బిళ్లలు వేడివేడిగా అమ్ముతారు. వాటి గురించి చెప్పేటప్పుడు మాత్రం మాస్టారు రోడ్డు మరిచిపోయేవారు.

"గట్ల పట్టుకుంటె స్టీరింగ్‌కు ఊపిరాడది," అని వెక్కిరించేవారు కూడా.

మొదటిసారి బ్రిడ్జి ఎక్కించిన రోజు నేను పళ్లు బిగబట్టి స్టీరింగ్‌ను పట్టుకున్నాను. పక్కన లారీ. నేర్పే కారు కాబట్టి ఆయన కాళ్ల దగ్గరా ఒక బ్రేకు ఉంటుంది. నా అవస్థ చూసి ఆయన సీటు మీదికి కాలు మడిచి, ఒళ్లో గుడ్డసంచి పెట్టుకుని కూర్చున్నారు. "సూడు, నా కాళ్లు మీదికున్నయ్. బ్రేకు నీదే," అన్నారు. తర్వాత కార్లోవి వారీ అడుగున ఏముందో చెప్పారు. ఊరంతా ఒక రాతి పెంకు మీద ఉందట, దాని కింద నీళ్లు మరుగుతుంటాయట. పూర్వం ఆ పెంకు పగిలి నీళ్లు ఎగజిమ్మేవట.

"మరి జనం పారిపోలేదా?"

"ఏడికి పోతరు? మూసిపెడ్తె పగుల్తదని బొక్కలు కొట్టి, పైపులు పెట్టి బైటికి వదిలిన్రు. నువ్వు గూడ నోరు మూసుకోకు బిడ్డా. భయమైతె భయమైతుందని చెప్పు. చెప్పుకుంట నడుపు."

చెప్పాను. "లారీ వస్తోంది. నాకు భయంగా ఉంది. స్పీడు నలభై దాటింది. ఇంకా భయంగానే ఉంది." అరుస్తూనే బ్రిడ్జి దాటాను. ఆయన తీపి బిళ్లల గురించి మొదలుపెట్టారు.

బుధవారం ఆయన భార్యకు ఫోన్ చేశాను. ఆవిడ ఏడ్చాక, "బండి మీదనే వస్తున్నవా?" అనడిగారు. భయంగా ఉందన్నాను.

"ఆయనకు గూడ భయమే ఉండె బిడ్డా. నీ క్లాసు రోజు అంగీ మొత్తం తడిసి వచ్చేటోడు. ఇయ్యాల పానం పోయినంత పనైంది అనెటోడు."

"మాస్టారికి భయమా? కాళ్లు సీటు మీద పెట్టుకుని కూర్చునేవారండీ."

"ఒక్క కాలే. ఇంకోటి బ్రేకు మీదనే ఉండె. నీకు కనబడకుండనే సంచి అడ్డం పెట్టెటోడు."

ఫోన్ పెట్టేశాక ఏడుపు వచ్చింది.

గురువారం వాన. స్కూలుకు సెలవు, పిల్లను ఇంట్లో ఒంటరిగా వదల్లేను. బ్రిడ్జి ఎక్కేసరికి అద్దాలన్నీ ఆవిరి పట్టేశాయి. పక్కన లారీ వచ్చి కారంతా నీళ్లు చిమ్మింది. నా కుడి పక్క సీటు ఖాళీ. "లారీ వచ్చింది," అన్నాను పైకి. "నాకు చాలా భయంగా ఉంది మాస్టారూ." వైపర్ల వేగం పెంచాను.

అప్పుడు వెనకనుంచి సన్నటి గొంతు. "అమ్మా, అనదర్ ట్రక్ ఈజ్ కమింగ్. ఐయామ్ స్కేర్డ్."

"నాకూ భయంగానే ఉందమ్మా. చెబుతూ ఉండు," అని నా వైపు కిటికీ రెండు వేళ్ల మేర దించాను. చల్లటి వాన ముఖాన కొట్టింది. అద్దం మీది ఆవిరి కొసల నుంచి మెల్లగా కరుగుతోంది. మిర్రర్‌లోకి చూశాను. ట్రక్కులు లెక్కపెడుతోంది, కళ్లు తెరుచుకుని.