పండుగ పూట చూపించిన పాలపిట్ట

దయ్యాలు, గియ్యాలు అని ఎవరైనా మొదలుపెడితే నాకు ఒళ్లు మండుతుంది. పదిహేనేళ్లుగా ఇంటర్ పిల్లలకు జంతుశాస్త్రం చెబుతున్నదాన్ని. అయినా పోయిన దసరానాడు జరిగింది రాయక తప్పడం లేదు.

మాది శామీర్‌పేట దగ్గర లాల్‌గడి మలక్‌పేట్. దసరానాడు పాలపిట్టను చూడందే మా నాయిన ముద్ద ముట్టేవాడు కాదు. చూస్తే ఏడాదంతా మంచి జరుగుతుందని ఆయన నమ్మకం. ఆ వానాకాలంలోనే పక్షవాతం వచ్చి మంచాన పడ్డాడు. పండుగనాడు పొద్దున్నుంచీ ఒకటే మాట.

"పిట్టను జూపియ్యుండ్రి బిడ్డా. గీ ఒక్కసారి జూస్తే సాలు."

తమ్ముడు బండేసుకుని ఊరంతా తిరిగొచ్చాడు. "యాడున్నది నాయినా? శేన్లన్నీ ప్లాట్లయినయి," అన్నాడు. నాయిన మొహం గోడవైపు తిప్పుకున్నాడు. మధ్యాహ్నం రెండైనా మెతుకు ముట్టలేదు. 

పాఠాల కోసం నేను ఇంటర్నెట్‌లో పెద్ద పెద్ద గ్రంథాలయాలు పెట్టిన పాత పుస్తకాలు తిరగేస్తుంటాను. ఎప్పటివో పక్షుల పుస్తకాలు, చేత్తో రంగులద్దిన బొమ్మలు, పేజీ పేజీ ఫొటో తీసి పెట్టారు. అలాంటిదొకటి ట్యాబ్‌లో తెరిచాను. పాలపిట్ట దొరికింది. ఎండుకొమ్మ మీద, నీలిరెక్కలు సగం విప్పుకుని ఉంది. ట్యాబ్ నాయిన ముందు పట్టుకున్నాను. తమ్ముడూ పక్కనుంచి వంగి చూశాడు.

చాలాసేపు చూశాడు. పనిచేసే చేతిని నుదుటికి ఆనించాడు. "వచ్చినవా తల్లీ," అన్నాడు. తర్వాత రెండు ముద్దలు తిన్నాడు. తొమ్మిదో రోజున నిద్రలోనే పోయాడు.

వట్టి బొమ్మ చూపించి పోయే మనిషిని మోసం చేశానని నాకు ఒకటే దిగులు.

నెల మాసికానికి ఆ బొమ్మను అచ్చు తీయించి నాయిన ఫొటో పక్కన పెడదామనుకున్నాను. అదే పుస్తకం, అదే పేజీ తెరిచాను. బొమ్మ లేదు. రంగు అంటకుండా బొమ్మ మీద కప్పే పల్చటి కాగితం ఉంది. దాని వెనక చింపేసిన అంచు ఉంది.

గ్రంథాలయానికి మెయిల్ రాశాను. పుస్తకం తమ చేతికి రాకముందే ఎవరో ఆ బొమ్మ చింపేశారని, ఫొటోలు తీసిననాటి నుంచీ ఆ పేజీ అలాగే ఉందని జవాబు వచ్చింది.

పొరపాటున వేరే పుస్తకం చూశానేమోనని ట్యాబ్‌లో హిస్టరీ వెతికాను. ఆ రోజు నా ట్యాబ్‌లో తెరిచింది ఆ ఒక్క పుస్తకమే.

తమ్ముడికి ఫోన్ చేశాను. "నేను గూడ జూసిన గదనే అక్కా. ఎండుకొమ్మ మీద గూసున్నది," అన్నాడు. 

నాయినను మోసం చేశానో లేదో ఇప్పుడు చెప్పలేను. ఆ మధ్యాహ్నం ఆయన దండం పెట్టింది దేనికో నాకు తెలియదు.