ఆంటీ చప్పట్లు కొట్టిన సీరియల్

బ్రహ్మచారిగా ఉన్న రోజుల్లో సంసారం గురించి నాకు తెలియని విషయం లేదు. (పెళ్లయ్యాక ఒక్కొక్కటే మరిచిపోయాను.) సింగపూర్ వన్-నార్త్‌లో మొదటి ఉద్యోగం, బూన్ లేలో ఒక తెలుగువారి ఫ్లాట్‌లో అద్దె గది, ఆంటీ చేతి వంట. అంకుల్, ఆంటీ ఇద్దరూ సింగపూర్‌లోనే పుట్టినవాళ్లు. తాతల నాటి విశాఖ తెలుగులో కాస్త తమిళం, కాస్త మలయ్ కలిపి, మాట చివర అక్కడివాళ్లలా 'లా' తగిలించి మాట్లాడేవారు. సాయంత్రం భోజనాల వేళ ముగ్గురం టీవీలో ఒక బ్రిటిష్ కామెడీ సీరియల్ చూసేవాళ్లం. అందులో రిటైరైన మొగుడు కుర్చీ దిగడు, పెళ్లాం సణుగుడు ఆపదు. తెర వెనక జనం పకపకా నవ్వుతుంటారు, చూసే మనకేమో మధ్యమధ్యలో నవ్వాలో జాలిపడాలో తెలియదు.

ఒకరోజు ఆ పెళ్లాం పెట్టె సర్దుకుని చెల్లెలింటికి వెళ్లిపోయింది. ఆంటీ చప్పట్లు కొట్టింది. అంకుల్ చెయ్యి పప్పన్నంలోనే ఆగిపోయింది. "అంత సంబరమేంటే?" అన్నారు. "ముప్పయ్యేళ్లు కుర్చీకి వండిపెడితే ఎవరైనా పోతారు లా!" అంది ఆవిడ. అంతే, మాటలు బంద్. అప్పట్నించి ఒకే బల్ల దగ్గర కూర్చుని, "బాబూ, అంకుల్‌కి మకాన్ అయిందేమో అడుగు" అని ఆవిడ, "తినడం అయిందని చెప్పు" అని ఆయన. నాకది జీతం లేని రెండో ఉద్యోగం. పైగా కూరల్లో రుచి రోజురోజుకీ పడిపోతోంది. ఈ కాపురం నిలబడకపోతే హాకర్ సెంటర్ తిండే గతి అని భయం పట్టుకుంది. ధైర్యం చేసి, "అంకుల్, ఆడవాళ్ల మనసు..." అని మొదలుపెట్టాను. "నీకెంతమంది పెళ్లాలు బాబూ?" అన్నారాయన.

ఆఖరి ఎపిసోడ్ రోజు ముగ్గురం బిగుసుకుని కూర్చున్నాం. సీరియల్లో ఆవిడ తిరిగొచ్చింది. మొగుడు క్షమాపణ చెప్పలేదు. మాడిన రొట్టెముక్క పళ్లెంలో పెట్టి ఆవిడ ముందుకు తోశాడు. ఆవిడ తినేసింది. తెర వెనక జనం నవ్వారు, మా హాల్లో ఎవరూ నవ్వలేదు. అంకుల్ లేచి వంటింట్లోకి వెళ్లారు. గిన్నెల చప్పుడు. కాసేపటికి, "ఏమే, ఈ పొయ్యి ఎటు తిప్పాలి?" అని కేక. "బాబూ, ఎడమ పక్కకి తిప్పమను" అంది ఆంటీ. నేను గొంతు సవరించుకుని "అంకుల్, ఎడమ..." అనేలోగా, "నువ్వుండు లా! ఇల్లు తగలెట్టేస్తాడు!" అంటూ ఆవిడే పరిగెత్తింది.

నా సలహాల వల్లే వాళ్లు కలిశారని చాలాకాలం నమ్మాను, స్నేహితుల దగ్గర గొప్పలు కూడా చెప్పుకున్నాను. ఆ సాయంత్రం వంటింట్లోంచి మొదట తిట్లు, తర్వాత ఆవిడ నవ్వు, ఆ తర్వాత గుసగుసలు. చెవులు రిక్కించి విందామని సగం లేచాను కూడా. ఎందుకో మళ్లీ కూర్చుని, రిమోట్ అందుకుని, ప్రకటనలకే సౌండు పెంచాను. అప్పటి నాలోని ఆ తలతిక్క సలహాదారుడు చేసిన పనులన్నిటిలో ఇప్పటికీ నాకు ముద్దొచ్చేది అదొక్కటే.