కాక దాచమన్న కండువా

మంగళవారం. తెల్లారినప్పటి నుంచి ముసురు. మెషిన్‌కు నూనె వేశాను.

ఇంతవరకు రాశాక టీచరమ్మ ఫోన్ చేసింది. కాక దవాఖానలో చనిపోయాడని.

బడికి పోని నేను రాయడం నేర్చుకున్నాక రోజూ ఒక పుస్తకంలో వాతావరణం, కుట్టిన బట్టలు రాసుకుంటాను. చివరి మాట ఎప్పుడూ ఒకటే: షట్టర్ వేశాను. ఈ రోజు మాత్రం మీరు చదవాలని కాక గురించి రాస్తున్నాను.

ఆయన మా వార్డు మాజీ కార్పొరేటర్. కాశిబుగ్గలో మా సందు మొత్తానికి కాక. నా దుకాణం గుమ్మంలో స్టూలు మీద వీధి వైపు తిరిగి కూర్చునేవాడు. "మెషిన్ ఆపకురా, నేను మాట్లాడుతనే ఉంట" అనేవాడు. మెడలో పార్టీ కండువా. దాంతోనే కళ్ళజోడు తుడిచేవాడు, ఏడ్చే పిల్లల ముక్కులూ తుడిచేవాడు.

"పార్టీ కండువాతోని ముక్కు తుడుస్తవా కాకా?"

"ఇంతకన్న మంచి పని ఏం జేసిందిరా ఇది?"

పోయిన ఎన్నికల్లో ఆయన పార్టీ, వాన నీళ్ళు పోయే నాలా మీద షెడ్లు కట్టినవాడికే టికెట్ ఇచ్చింది. ఆ షెడ్ల వల్లే వానాకాలం నీళ్ళు మా ఇళ్ళలోకి వచ్చాయి. నా మెషిన్ పెడల్ మునిగింది. ఆ రోజు ముసలివాళ్ళను బడిలోకి చేర్చింది అంగన్‌వాడీ టీచరమ్మ. ఆమె ఎదుటి పార్టీ అభ్యర్థి.

ఆమె పెట్టిన ఎన్నికల సభకు పోయే ముందు కాక కండువా తీసి మడతపెట్టి నా చేతికిచ్చాడు.

"ఇది ఏసుకొని పోతె పార్టీకి అవమానం. ఇడ్సిపెడితె నాకు అవమానం. నీ దగ్గర దాచు. నేను పోయిన్నాడు నా మీద కప్పు."

"నాకు భయమైతాంది కాకా."

"నాకు గాదా? అయినా పోవాలె గదరా."

స్టేజీ మీద చెప్పాడు, తన పార్టీ మారలేదని, ఈసారి ఓటు మాత్రం టీచరమ్మకని. టీచరమ్మ పార్టీ వాళ్ళు తమ కండువా వేయబోతే మెడకు చేతులు అడ్డం పెట్టుకున్నాడు.

సభ నుంచి నేరుగా నా దుకాణానికి వచ్చాడు. వెనకే ఆయన పార్టీ వాళ్ళ బైకులు. షట్టర్ దించేశాను. బయట నుంచి గుద్దారు.

"ఏయ్ టైలర్! కాక లోపట ఉన్నడా? సన్మానం చేస్తం, పంపు!"

"లేడన్నా."

వాళ్ళు పోయాక పరదా వెనక నుంచి కాక అన్నాడు: "మంచిగ జెప్పినవ్ రా. అది నీ గొంతని నేనే గుర్తుపట్టలే."

టీచరమ్మ గెలిచింది. కాకను పార్టీ నుంచి తీసేశారు. ఆ తర్వాత చలికాలంలో కూడా ఆయన మెడ ఖాళీగానే ఉండేది. తువ్వాలన్నా వేసుకోమంటే, "అలవాటు కావాలె గదరా" అనేవాడు.

ఈ రోజు మధ్యాహ్నం ఆ కండువాను చొక్కా లోపల పెట్టుకుని ఆయన ఇంటికి పోయాను. షామియానా కింద ఆ బైకుల వాళ్ళే కుర్చీల్లో ఉన్నారు. నేను కండువా బయటికి తీయగానే ఒకడు లేచాడు.

"ఏంది టైలర్ అది? పార్టీకెళ్ళి తీసేసినోనికి మా కండువా కప్పుతె ఊకుంటమా?"

"పార్టీది గాదన్నా. కాకది. అంచు నేనే కుట్టిన" అన్నాను. మడత విప్పాను. టీచరమ్మ ఒక కొస పట్టుకుంది. మెడ దాకా కప్పాం. కాక ఎప్పటిలా కనిపించాడు.

"సాయంత్రం దుకాణం కాడికొస్తం" అన్నాడు వాడు.

ఇప్పుడు సాయంత్రం. ముసురు ఆగలేదు. దుకాణంలో ఒక్కడినే ఉన్నాను. స్కూలు చొక్కాలు మూడు అయ్యాయి, కాజాలు మిగిలాయి. కాక స్టూలు గుమ్మంలోనే ఉంది, వీధి వైపు. సందు మొదట్లో బైకుల చప్పుడు. వాళ్ళో కాదో తెలియదు. దగ్గరికొస్తోంది. లైటు వేశాను.