ఉస్తాదు కోసిన నట్టు

ఉస్తాదు పోయాడని మా వాడే వచ్చి చెప్పాడు. నేను కొలిమి ముందు కూర్చుని, తలుపు గొళ్ళెం ఒకటి ఎర్రగా కాలుతుంటే పట్టకారుతో అటూ ఇటూ తిప్పుతున్నాను. గడపలో నిలబడి, "బాపు, ఉస్తాదు లేడు" అన్నాడు. పొద్దున ఛాయి తాగి, కప్పు పక్కన పెట్టి, గోడకు ఒరిగి, అట్లాగే వెళ్ళిపోయాడట. దవాఖానకు తీసుకుపోదామని టాంగా పిలిచేలోపే అయిపోయిందట. ఆ మాట చెబుతూ మా వాడు ఏడ్చాడు. పెళ్ళయి ఇద్దరు పిల్లల తండ్రి అయినవాడు, ముఖానికి చెయ్యి కూడా అడ్డం పెట్టుకోకుండా ఏడ్చాడు. నాకూ దుఃఖం వచ్చింది, అబద్ధం చెప్పను. కానీ దుఃఖం కంటే ముందు ఒక ఆలోచన వచ్చింది. నేను పోతే వీడు ఇట్లా ఏడుస్తాడా?

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు మంచి మాటలే రాయాలంటారు. నేనూ మంచి మాటలే రాస్తాను. ఆయన విషయంలో వేరే మాటలు వెతికినా దొరకవు. నా కడుపుమంటంతా అందుకే.

ఇంకొక సంగతి ముందే చెప్పేస్తాను, లేకపోతే నా చెయ్యి ముందుకు కదలదు. ఉస్తాదు కూర్చున్న పీట మీద ఇప్పుడు మా వాడు కూర్చుంటున్నాడు. ఆబిడ్స్‌లో ఇనుప సామాన్లు అమ్మే సేటు, తన షెడ్డులో పనివాళ్ళకు నట్లు బోల్టుల పని నేర్పే బాధ్యత వాడికి అప్పగించాడు. మా కమ్మరి కొలిమి దగ్గర బొగ్గులు నలగ్గొట్టినవాడు ఇవాళ పంతులయ్యాడు. రెండు అక్షరం ముక్కలే నేర్చిన నేను ఇంత సంతోషాన్ని ఏ మాటల్లో పెట్టాలి? నాంపల్లిలో నేను చెప్పని దుకాణం లేదు. మంగలికి చెప్పాను, టాంగావాళ్ళకు చెప్పాను. స్టేషను ముందు పూలమ్మే ఆమె, "నిన్ననే చెప్తివి గదా తాతా, పూలు కొంటవా లేదా" అని విసుక్కుంది. ఆవేళ పూలు కూడా కొన్నాను.

ఉస్తాదు మా వైపు వచ్చింది యుద్ధం రోజుల్లో. విలాయతి నట్లు, బోల్టులు రావడం ఆగిపోయింది. సేటుకు కొనేవాళ్ళున్నారు, అమ్మడానికి మాలు లేదు. ఇక్కడే చేయిద్దామంటే సరిగ్గా చేసే చేతులు లేవు. అందుకని రైలు కార్ఖానాలో జీవితమంతా పనిచేసి వచ్చిన ఈయనను తీసుకొచ్చి, దుకాణం వెనక రేకుల షెడ్డులో కూర్చోబెట్టాడు. నాంపల్లిలో రైలు దిగి పని వెతుక్కుంటూ వచ్చినవాళ్ళంతా ఆయన దగ్గర చేరారు. వాళ్ళలో కొందరు నాగలి తప్ప మరొకటి పట్టినవాళ్ళు కాదు.

ఆయన పద్ధతి వేరుగా ఉండేది. కొత్తగా వచ్చినవాడికి ముందు పనిముట్టు ఇచ్చేవాడు కాదు. కళ్ళు మూసుకోమని, ఒక చేతిలో బోల్టు, ఇంకో చేతిలో నట్టు పెట్టేవాడు. రెండు వేళ్ళతో తిప్పి ఎక్కించాలి. మొదటి మర గాడి సరిగ్గా అందుకుందా, వంకరగా ఎక్కిందా అన్నది వేలికి తెలియాలి. "పానా అన్నిటికన్న ఆఖరు. ముందుగాల వేళ్ళను అడుగు" అనేవాడు. వ్యవసాయం విడిచి వచ్చిన ఒకాయన, "ఉస్తాద్, కండ్లు మూస్తె నాకు నిద్రొస్తున్నది" అన్నాడట. "పండుకో మరి. నిద్రల గూడ నట్టు ఎక్కియ్యాలె" అన్నాడట ఈయన. గొంతు పెంచేవాడు కాదు. ఎవరైనా తప్పు చేస్తే వేలి కణుపుతో బల్ల మీద ఒక్కసారి తట్టేవాడు. ఆ చప్పుడుకు షెడ్డంతా ఆగిపోయేది. నేను నా కొడుకును పిలవాలంటే మాత్రం వీధి వీధంతా వినిపించేలా అరవాలి.

మా వాడు నా కొలిమి వదిలి అక్కడికి వెళ్ళాడు. కొత్తగా పెళ్ళయినవాడు, నాలుగు రాళ్ళు ఎక్కువ వస్తాయంటే నేనే సరేనన్నాను. వాడు పనే నేర్చుకుంటాడనుకున్నాను, మనిషినే నేర్చుకుంటాడనుకోలేదు. మొదట చేతులు కడగడం మారింది. ఉస్తాదు రంపపు పొట్టు, కుంకుడు రసం కలిపి గోళ్ళ సందుల్లో కూడా తోమేవాడట. మా ఇంట్లోనూ రంపపు పొట్టు డబ్బా ఒకటి వెలిసింది. తర్వాత ఛాయి మారింది. సాసరులో పోసుకుని, రెండు చేతులతో ఎత్తి, కళ్ళు మూసుకుని తాగడం. ఏది అడిగినా "ఉస్తాదు గిట్లన్నడు, ఉస్తాదు గట్ల చేస్తడు". ఒకరోజు అన్నం దగ్గర ఉప్పు తక్కువైందని నేనంటే, ఉస్తాదు కూరల్లో ఉప్పు తక్కువే తింటాడని చెప్పాడు.

మా ఇంటామె నవ్వింది. "గీ పోరన్ని నేను నీకు గన్ననా, ఆయనకు గన్ననా" అంది.

"నువ్వే చెప్పాలె" అన్నాను. ఆ పూట నాకు అన్నం దిగలేదు.

ఇక్కడ నా పని గురించి కొంచెం చెప్పాలి. మా నాయన నాటి మరల పలక నా దగ్గర ఉండేది. దళసరి ఇనుప పలకకు మరలున్న బెజ్జాలుంటాయి, బోల్టు కాడను అందులో బిగించి తిప్పితే దాని మీద మరలు పడతాయి. అది అరిగి అరిగి, ఏ బోల్టుకు ఆ బోల్టుగా మరలు పడేవి. అందుకని ప్రతి బోల్టుకూ నట్టును విడిగా సరిచేసి ఎక్కించి, ఆ జతను దారంతో కట్టేవాణ్ణి. దాని నట్టు దానికే, వేరేదానికి ఎక్కదు. మా తాత అట్లాగే చేశాడు, మా నాయన అట్లాగే చేశాడు. టాంగాల పట్టీలకు, ఇళ్ళ గేట్లకు మేము బిగించినవి ఊడివచ్చాయని ఎవరూ అనలేదు.

ఒకసారి స్టేషను దగ్గర గోదాముకు పైకప్పు వేస్తూ, సేటు నన్ను కూడా బోల్టులు అడిగాడు. షెడ్డులో చేసేవి చాలలేదు. నా సంతోషం చూడాలి. నా కొడుకు పనిచేసే చోటికి నా చేతి పని పోతున్నది. ఒక్కొక్క జతనూ దారంతో కట్టి, గోనెసంచుల్లో వేసి పంపాను. కిరసనాయిలుతో కడిగి, నూనె రాసి గోదాముకు పంపడం షెడ్డువాళ్ళ వంతు. మరునాడు పొద్దున చూద్దామని వెళ్ళాను. బల్ల మీద రెండు పెద్ద తట్టలు. ఒకదాన్నిండా బోల్టులు, ఇంకోదాన్నిండా నట్లు. నేను కట్టిన దారాలన్నీ కింద కుప్పగా పడి ఉన్నాయి.

"గివెవరు విప్పిన్రు" అన్నాను.

"నేనే బాపు" అన్నాడు మా వాడు, మెప్పు కోసం చూస్తున్నట్టు. "గ్యాసునూనెల మంచిగ కడిగిన. ఒక్క దానికి జంగు తుప్పు లేదు చూడు."

"ఏ నట్టు ఏ బోల్టుదో ఎట్ల తెలుస్తది కొడుకా?"

"ఏదైతేంది బాపు, ఏదన్న ఎక్కుతది" అని నవ్వుతూ చేతికందిన నట్టును చేతికందిన బోల్టుకు తిప్పాడు. సులువుగా సగం పోయి ఆగింది, చివరిదాకా ఎక్కలేదు. ఇంకొకటి తీశాడు. అదీ ఎక్కలేదు. మూడోది తీసేసరికి వాడి ముఖంలో రక్తం లేదు.

మాలు చెడిందని కాదు నా బాధ. నా కొలిమి వేడిలో పెరిగినవాడు, నా పక్కన కూర్చుని వేలకొద్దీ జతలకు దారం కట్టినవాడు, ఉస్తాదు దగ్గరికి వెళ్ళి నా బోల్టు ఎట్లాంటిదో మరిచిపోయాడు. నేను అక్కడే మెట్టు మీద కూలబడ్డాను. బయట గోదాముకు మాలు మోసే బండివాడు, "ఇంకెంతసేపు, ఎడ్లకు ఎండ తాకుతున్నది" అని అరుస్తున్నాడు.

అప్పుడు ఉస్తాదు లోపలికి వచ్చాడు. తట్టలు చూశాడు, దారాలు చూశాడు, నన్ను చూశాడు. బల్ల మీద కణుపుతో తట్టాడు. "ఇయ్యాల పాఠం అన్న చెప్తడు. అందరు కింద కూసోండ్రి" అన్నాడు. అని, అందరికంటే ముందు తనే నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

నేను లేచి చూపించాను. వేరే బోల్టు నట్టయితే మొదట్లో సులువుగా పోయి మధ్యలో ఆగిపోతుంది. సొంత నట్టు మొదట కొంచెం మొరాయిస్తుంది, తర్వాత మెత్తబడి చివరిదాకా పోతుంది. అందరూ తట్టల చుట్టూ చేరి వెతకడం మొదలుపెట్టారు. "గిది పెండ్లి సంబంధాలు చూసినట్టున్నది" అన్నాడొకడు. నాగలి విడిచి వచ్చినాయన ఒక నట్టు ఎత్తిపట్టి, "నా పిల్లకు పిలగాడు దొరుకుతలేడు, ఎవరన్న చూడుండ్రి" అన్నాడు. నాకే నవ్వొచ్చింది. మా వాడు మాత్రం తల ఎత్తలేదు. వాడి పక్కనే ఉస్తాదు, కళ్ళు మూసుకుని, నా నట్లను నా బోల్టులకు తిప్పుతూ కూర్చున్నాడు. ఎండ నెత్తికొచ్చేసరికి చివరి జత దొరికింది. బండి కదిలింది.

చూడండి, నాకు అందరి ముందు పెద్దపీట వేశాడు. అంత పెద్ద మనసు కూడా ఆయనకే ఎందుకుండాలి? నాకు కోపం తెచ్చుకోవడానికి చిన్న సందు కూడా వదల్లేదు.

అందరూ వెళ్ళాక నన్ను పక్కకు పిలిచాడు. "అన్నా, పని మంచిగున్నది. అబద్ధం చెప్ప. కాని ఒక్క నట్టు పడిపోతే దాని బోల్టు గూడ పోయినట్టే గదా. రేపు వానల ఆ కప్పు మీద నట్టు ఊడితే, నిన్ను యాడ వెతుకుతరు? నువ్వు లేని రోజు గూడ నీ బోల్టుకు నట్టు దొరకాలె. గదే నా ఫికర్" అన్నాడు. షెడ్డులో వాడే కొలతలోనే మరలు కోసే ఇనుప అచ్చు, డై అంటారు, ఒకటి బట్టలో చుట్టి నా చేతికిచ్చాడు. దానితో కోసిన ఏ బోల్టుకైనా షెడ్డు నట్టు ఏదైనా ఎక్కుతుంది. ఇంకో మాట కూడా అన్నాడు. "నీ కొడుకు సుత్తె పడితే నీ లెక్కనే పడ్తడు. అది నేను నేర్పింది గాదు. నేర్పుదామన్నా నాతోని గాదు."

ఆ మాటకు ఒక పూట గాలిలో తేలాను. సాయంత్రానికి మళ్ళీ మంట. నా కొడుకు చేతిలో నా చెయ్యి ఉందని నాకంటే ముందు ఆయన కనిపెట్టాడు.

ఆ డైని కొలిమి పైన మేకుకు తగిలించి వదిలేశాను. దాన్ని ముట్టుకుంటే నేను కూడా ఆయన శిష్యుడినైపోతాను. ఇంట్లో ఒకడు చాలు. మా ఇంటామె మాత్రం అప్పుడప్పుడు దించి, తుప్పు పట్టకుండా ఆముదం రాసి, మళ్ళీ తగిలించేది. నేను చూడనట్టు ఉండేవాణ్ణి, ఆమె నేను చూడలేదనుకున్నట్టు ఉండేది. ఉస్తాదు దారిలో కనబడితే, "అన్నా, పానం మంచిదా" అనేవాడే తప్ప ఎన్నడూ డై మాట ఎత్తలేదు.

ఆయన్ను తీసుకుపోయిన రోజు కిరాయి ఇంటి ముందు పనివాళ్ళంతా నిండిపోయారు. ఆయన చేతులు చూశాను, గోళ్ళు తెల్లగా ఉన్నాయి. పాడెకు ముందు వైపు మా వాడు భుజం పట్టాడు. కుదుపు లేకుండా, అడుగులో అడుగు వేసి, నిండు కుండ మోస్తున్నట్టు నడిచాడు. నేను వెనకాల నడుస్తూ వాడి నడకే చూశాను. నన్ను కూడా వాడే మోస్తాడు, అది నాకు తెలుసు. ఇంత మెల్లగా మోస్తాడా అన్నదే తెలియదు.

ఇంటికి వచ్చి స్నానం చేసి, ఏమీ తోచక కొలిమి ముందు కూర్చున్నాను. కొన్ని రోజులకు సేటు మా వాణ్ణి పిలిచి పీట అప్పగించాడు. ఆ వార్త విన్న పూటే, సంతోషం ఆగక, ఎవరినీ అడగకుండా మేకు మీది డై దించాను. ఇనుము కాల్చి, తల కొట్టి, చల్లారాక ఆ డైతో ఒకే ఒక్క బోల్టుకు మరలు కోశాను. నట్టు చేయలేదు. మా ఇంటామె వాకిట్లో బియ్యం ఏరుతున్నదల్లా లేచింది. ఆముదం గిన్నె తెచ్చి పక్కన పెట్టి పోయింది.

మా వాడు పాఠం మొదలుపెట్టిన పొద్దున, బోల్టు జేబులో వేసుకుని ఆబిడ్స్ షెడ్డుకు వెళ్ళాను. కొత్తగా వచ్చిన పనివాళ్ళు వరసగా కింద కూర్చున్నారు. చివరన ఖాళీ ఉంటే నేనూ కూర్చున్నాను. మా వాడు నన్ను చూసి ఒక్క క్షణం మాట తడబడ్డాడు. సర్దుకుని, బల్ల మీద కణుపుతో తట్టాడు. షెడ్డంతా ఆగింది. ఆ తట్టడం ఎవరిదో నాకు తెలుసు, మళ్ళీ కడుపులో మండింది. కళ్ళల్లో నీళ్ళు కూడా వచ్చాయి. నా కొడుకు చేతికి ఇంతమంది ఆగిపోయారు.

"కండ్లు మూసుకోండ్రి" అన్నాడు. రేకు డబ్బా పట్టుకుని ఒక్కొక్కరికీ నట్టూ బోల్టూ ఇస్తూ వచ్చాడు. "ఈ నట్లు ఉస్తాదు ఆఖరుసారి కోసినయి. జర పైలంగ పట్టుకోండ్రి."

నా దగ్గరికి వచ్చి, "నీకు బోల్టు బాపు" అన్నాడు.

"నాది నేను తెచ్చుకున్న. నట్టియ్యి" అన్నాను.

జేబులోంచి తీసి చూపించాను. వాడు దాన్ని తీసుకుని, మరల మీద గోరు నడిపి, నా వైపు చూశాడు. బోల్టును తిరిగి నా చేతిలో పెట్టి, రెండో చేతిలో నట్టు పెట్టాడు.

"వేళ్ళను అడుగు బాపు" అన్నాడు మెల్లగా.

కళ్ళు మూసుకున్నాను. నట్టు చల్లగా, నూనె జిగురుతో ఉంది. దాన్ని కోసిన చెయ్యి ఈ బోల్టును ఎన్నడూ చూడలేదు. చివరన ఆనించి, రెండు వేళ్ళతో తిప్పాను. మొదటి మర అందుకుంది. మధ్యలో ఆగుతుందేమోనని చూశాను, ఆగలేదు. మా వాడి అడుగులు పక్క మనిషి వైపు వెళ్ళిపోయాయి. నేను కళ్ళు తెరవలేదు. వేళ్ళ మధ్య ఆ నట్టు తిరుగుతూ, మెత్తగా కిందికి దిగిపోతూనే ఉంది.