ఏనుగుల మీద నేను గీసిన గీత

మా సంస్థ నంద్యాలలో ఒక కల్యాణ మండపం కడుతున్నప్పుడు నేను సైటు ఇంజనీరుని. స్తంభాల, మెట్ల పనినీ, ద్వారానికి అటూ ఇటూ నిలబెట్టే రాతి ఏనుగుల పనినీ ఆళ్లగడ్డలో ఒక పెద్ద శిల్పికి ఇచ్చారు. అక్కడికి వెళ్లి కొలతలు సరిచూడటం నా పని. కొనడం, మార్చడం, బేరమాడటం నా పనులు కావు. అంతవరకు నాకు స్పష్టమే.

ఆ శిల్పశాలలో ఒక పద్ధతి ఉంది. నోటితో చెప్పిన కొలతను లెక్కలోకి తీసుకోరు. పని ఇచ్చినవాళ్ల తరఫు మనిషి తన చేత్తో రాతిమీద ఎర్రజాజుతో గీత గీస్తేనే ఉలి పడుతుంది. ఇక అది ఖాయం. స్తంభాలకూ మెట్లకూ నేనే గీశాను. మా యజమాని ఎప్పుడూ కాదనలేదు.

ఈలోగా ప్లానులో ద్వారం వెడల్పు పెరిగింది. దాని పక్కన ఆ ఏనుగులు కుక్కపిల్లల్లా ఉంటాయనిపించి, ఎవరినీ అడక్కుండా, అనుకున్న ఎత్తుకన్నా ఒక అడుగు పైకి గీసేశాను.

సంగతి తెలియగానే యజమాని నన్ను కారెక్కించుకుని ఆళ్లగడ్డ బయల్దేరారు. అప్పటికే ఏనుగుల కాళ్లు, పొట్టలు తేలాయి. ఇక చిన్నవి చేయడం కుదరదు. ఆయన వద్దంటే శిల్పి కష్టమంతా మట్టిపాలే.

“పెద్దవి చెయ్యమని చెప్పే అధికారం ఈ పిల్లోనికి నేనియ్యలే,” అన్నారు యజమాని.

శిల్పి ఉలి దించలేదు. “స్తంభాలకు ఈయప్పే గీసినాడు. మెట్లకూ ఈయప్పే. అప్పుడు మీరు నోరెత్తలే. ఏనుగులకాడికొచ్చేసరికి ఈయప్ప చెయ్యి చెల్లకపాయనా?”

“మెట్లూ ఏనుగులూ ఒకటేనా?”

“రాయికేం తెలుస్తాది సార్. గీత యాడుంటే ఆడికి కొడతాం.”

యజమాని లాయరైన తన బావమరిదికి ఫోన్ చేసి, మాకూ వినపడేలా స్పీకరు పెట్టారు. అంతా విని ఆయన నవ్వారు.

“రాసియ్యకపోయినా అధికారం ఇచ్చినట్టే బావా. పని అప్పజెప్పి పంపిస్తివి. ఆడ గీత గీసినోడి మాటే ఖాయమని నీకూ తెలుసు. ముందు గీసినవాటికన్నిటికీ ఊరకుంటివి. ఇప్పుడు కాదంటే చెల్లదు.”

“నువ్వు నాకు లాయరువా, ఆయనకా?”

“నువ్వు ఫీజు ఇయ్యవు గదా, అందుకే నిజం చెప్తాండా.”

యజమాని ఫోన్ జేబులో పెట్టుకుని ఏనుగు చుట్టూ తిరిగారు. దాని పొట్ట మీద చెయ్యి వేసి చూశారు. “బాగానే ఉండాయిలే. ఇవే కానియ్యి. చెవులు మాత్రం ఇంకొంచెం పెద్దవిగా ఉండాల.”

శిల్పి నా వైపు తిరిగారు.

“ఏమప్పా, చెయ్యమంటావా?”

అందరికంటే ముందు నవ్వింది యజమానే.