కెంపయ్య ఫోనులో చూసొచ్చాకే

జయనగరలో నీళ్ల ట్యాంకర్లు బుక్ చేసే యాప్ ఒకటుంది. దాన్ని క్లౌడ్‌లోకి ఎక్కించే పని వనజాక్షిది. యాభై దాటిన మనిషి. ప్రోగ్రామునీ, దానికి కావలసిన సరంజామానీ కలిపి కంటైనర్‌గా మూటగట్టి, అద్దె సర్వర్ మీదికి పంపేటప్పుడు చెప్పులు విప్పేసి కుర్చీలో బాసింపట్టు వేసుకుంటుంది. తెర మీద ఎన్ని పచ్చదీపాలు వెలిగినా ‘అయింది’ అనదు. కిందికి దిగి, కొబ్బరిబోండాలమ్మే కెంపయ్య పగుళ్ల ఫోనులో చూసొచ్చాకే అంటుంది. ఆఫీసు కుర్రకారుకి అదొక వేడుక.

మొన్న ఏప్రిల్‌లో కొత్త వెర్షన్ ఎక్కీ ఎక్కగానే యజమాని హెగ్డే కేకు కోశాడు. ఆవిడ తన ముక్క పట్టుకునే కిందికి దిగింది. కెంపయ్య ఇంట్లో మూడు రోజులుగా చుక్క నీళ్లు లేవు. ట్యాంకర్ బుక్ చేస్తే ఫోనులోకి చీటీ వచ్చింది.

“ఇదేందక్కా, చీటీ నిండా అక్షరాల బదులు డబ్బాలే! మా వీధి పేరేదీ?”

వనజాక్షి కేకు అతని చేతిలో పెట్టి పైకెళ్లింది. “కన్నడ అక్షరాలు నా కంప్యూటర్లో ఉన్నాయి, మూటలో వెయ్యడం మరిచాను. పాత వెర్షనే మళ్లీ పెడుతున్నా.”

“అక్షరాలేగా మేడమ్! కొత్తది వచ్చిందని ఊరందరికీ మెయిల్ కొట్టేశాను” అన్నాడు హెగ్డే.

“అడ్రసు లేని చీటీతో ట్యాంకర్ ఎవరింటికెళ్తుంది సార్, మీ ఇంటికా?”

అరగంటలో అక్షరాలు చేర్చి, కొత్తది మళ్లీ ఎక్కించి, మళ్లీ కిందికి దిగింది. కెంపయ్య తెర మీద వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాడు. వీధి పేరుంది. రెండు గంటలకు నీళ్లని ఉంది.

“వస్తాయంటావా అక్కా?”

“చీటీ వరకే నా పూచీ. నీళ్ల సంగతి పైవాణ్ణడుగు.”